తొమ్మిది రాడ్ల బోరు

బోరుబండి మీద పద్దెనిమిదేళ్లు పనిచేసి, ఎడమ చెవి పూర్తిగా పోయాక ముందుగానే ఇంటికి వచ్చినవాణ్ణి నేను. మీలో ఎవరైనా నాతో మాట్లాడాలనుకుంటే కుడిపక్కన కూర్చోండి. ఎడమపక్క కూర్చున్నవాళ్లు ఏం చెప్పినా ‘ఊ’ అంటాను. వినకుండా ‘ఊ’ అనడం మనిషిని ఎంత దూరం నడిపిస్తుందో చెప్పాలనే ఇది రాస్తున్నాను. ఒక్క సంగతి మాత్రం ముందే ఒప్పుకోవాలి. నేను చెప్పబోయే రోజున నా చెవులు రెండూ బాగానే ఉన్నాయి. బాగాలేనిది నోరు.

డెబ్బైల చివరి సంవత్సరాలు. చిత్తూరు జిల్లాలో వానలు వరసగా ఎగ్గొట్టిన కాలం. బావుల్లోకి తొంగిచూస్తే మన మొహం కాదు, అడుగున పడి ఉన్న పాత చెప్పులు కనిపించేవి. తాగునీళ్ల కోసం సర్కారు పల్లెపల్లెకూ బోర్లు వేయిస్తోంది. నేను ఆ బండి మీద డ్రిల్లరును. వయసు ఇరవై ఏడు.

ఇప్పుడు బోర్లు వేసేవాళ్లు మీటలు నొక్కి పక్కన నిలబడుతున్నారు. మా కాలంలో పని ఒంటితోనే. ఇరవై అడుగుల ఇనుప గొట్టాన్ని రాడ్డు అంటాం. మొదటి రాడ్డు చివర సుత్తి ఉంటుంది, సుత్తి మూతికి గట్టి బొడిపెలున్న బిట్టు. కంప్రెసరు గాలి కొడితే సుత్తి రాతిని పొడి చేస్తుంది. అదే గాలి ఆ పొడిని పైకి ఊదేస్తుంది. ఒక రాడ్డు లోపలికి దిగాక దాని నెత్తిన ఇంకొకటి మర బిగిస్తాం. ఇంతకు మించి మీరు తెలుసుకోనక్కర లేదు. సాయంత్రానికి మేము పిండిమరలో పడి లేచినవాళ్లలా ఉండేవాళ్లం. తిరుపతి బస్సెక్కితే పక్కసీటువాడు లేచి నిలబడేవాడు. ఆ లాభం మాత్రం ఉండేది.

మా బండికి రాడ్లు పది. పదీ దిగితే రెండొందల అడుగులు. ఒక్కో పల్లెకు మంజూరైన లోతు కూడా రెండొందలే. అందువల్ల మేమెవరమూ రాడ్లు లెక్కపెట్టేవాళ్లం కాదు. బండి మీద రాడ్లు పేర్చే అర ఒకటుంటుంది. ఆ అర ఖాళీ అయిందంటే రెండొందలు అయిపోయిందని అర్థం. అప్పటికీ నీళ్లు పడకపోతే కాగితం మీద ‘ఫెయిల్’ అని రాసి ఇంకో ఊరికి పోవడమే. నాకు పని నేర్పినాయన కూడా అదే నేర్పాడు. “లెక్కలు గిక్కలు యాల? అర సూడు, సాలు” అనేవాడు.

నా హెల్పరు నాకన్నా పదేళ్లు పెద్ద. నగరిలో మగ్గం నేసే ఇంట్లో పుట్టి, మగ్గం తిండి పెట్టక మా బండెక్కాడు. ఆయన్ని అన్నా అని పిలిచేవాణ్ణి. చిన్నప్పటి నుంచి దారపు పోగులు లెక్కపెట్టిన మనిషి కాబట్టి దేన్ని చూసినా లెక్కపెట్టేవాడు. హోటల్లో ఇడ్లీలు, స్తంభాల మీద కాకులు, నేను చెప్పే కథల్లో అబద్ధాలు.

అవును, కథలు చెప్పేవాణ్ణి. ఊరికే కాదు. బోరుబండి ఊళ్లోకి వస్తే ఊరంతా వచ్చి మీద పడుతుంది. తిరిగే రాడ్డుకు చీరకొంగు తగిలితే ప్రాణం పోతుంది. వాళ్లను దూరంగా కూర్చోబెట్టడానికి అరుపులకన్నా కథ బాగా పనిచేస్తుందని కనిపెట్టాను. పుంగనూరు పక్క ఒక ఊళ్లో మేము బోరు వేస్తుంటే కంప్రెసరు గాలి భూమిలో దారి చేసుకుని, మైలు దూరంలో ఇంకో ఊరి బావిలోంచి తన్నుకొచ్చిందనీ, గట్టు మీద స్నానం చేస్తున్న మునసబుగారి పంచె గాల్లోకి లేచిపోయిందనీ చెప్పేవాణ్ణి. మొదట్లో ఆ పంచె గంటసేపు ఎగిరింది. వినేవాళ్లు పెరిగేకొద్దీ మూడు రోజులైంది. ఒకసారి సత్యవేడు దాకా పోయి వచ్చింది.

ఈ కీర్తి మా ఇంజనీరుగారి దాకా పాకింది. ఆయన గోదావరి జిల్లా మనిషి. మంచివారే గానీ, నేను నోరు తెరిస్తే చేయి అడ్డం పెట్టేవారు. సెలవు అడిగితే “కథొద్దు, తేదీ చెప్పు” అనేవారు.

ఆ ఎండాకాలం కార్వేటినగరం అవతల గుట్టల మధ్య ఒక పేటకు పోయాం. నలభై ఇళ్లు. మగవాళ్లలో ఎక్కువమంది రాళ్లు కొట్టే పనికి పోయేవాళ్లు. ఊరి పేరు రాయను, నా తప్పుతో దాని పేరు కలపడం నాకిష్టం లేదు. బండి ఆపి దిగీ దిగకముందే ఒక అవ్వ వచ్చి నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

“నువ్వేనా నీళ్లు తీసేది?”

“నేనే అవ్వా.”

“మీసం కూడా సరింగా రాలేదే నీకు!”

“మీసంతో తవ్వేది కాదవ్వా, మిషనుతో తవ్వేది.”

“మాటలకేం, బాగానే ఉండాయి. నీళ్లు పడతాయా?”

“పడకుండా యాడికి పోతాయి!”

ఆమె నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని వాళ్ల ఇంటి ముందుకు తీసుకుపోయింది. అరుగు మీద ఆమె కోడలు కూర్చుని చేటలో రాగులు చెరుగుతోంది. నిండు చూలాలు.

“దీనికి తొమ్మిదో నెల. మొన్నటిదాకా ఇదే నీళ్లు మోసింది. గుట్ట అవతల రెడ్డి సేన్లో బాయి ఉండాది, ఈడికి రెండు మైళ్లు. పొద్దెక్కితే ఆయప్ప తోడుకోనీడు, మామిడి మొక్కలకు నీళ్లు సాలవంటాడు. తప్పు పట్టేది లేదులే, ఆయప్ప బాధ ఆయప్పది. ఇప్పుడు నేను పోతా ఉండాను. ఆ బాయి మెట్లు సూస్తే నాకు భయం. రోంత బిన్నా తియ్యి సామీ, ఆలస్యం సెయ్యద్దు.”

“తీస్తాంలే అవ్వా.”

“ఒకేళ పడకపోతే? మళ్లీ వస్తారు గదా?”

ఇక్కడ మాత్రం నిజమే చెప్పాను. పడకపోతే ఈ పేట పేరు జాబితా అడుగుకు పోతుంది, తాలూకా అంతా తిరిగి బండి మళ్లీ ఇటు వచ్చేసరికి ఇంకో ఎండాకాలం అవుతుంది అని. ఆమె కాసేపు కోడలి వైపు చూసి, “అయితే ఈసారే పడాల” అన్నది.

మరునాడు పొద్దున బండి నిలబెట్టాం. జనం చుట్టూ మూగారు. వాళ్లను చింతచెట్టు నీడకు తోలి మునసబు పంచె ఎత్తుకున్నాను. ఆ పూట పంచె మంచి ఊపు మీద ఉంది. ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. పంచె కొండ దాటుతున్న ఘట్టంలో హెల్పరన్న వచ్చి నా చెవి దగ్గర ఏదో చెప్పాడు.

“ఊ” అన్నాను.

“వినబడిందా అబ్బా?”

“ఊ ఊ, పోన్నా.”

ఆయన పోయాడు. మధ్యాహ్నానికి నగరి నుంచి కబురొచ్చింది, వాళ్లమ్మకు బాగాలేదని. వెంటనే బస్సుకు పంపించేశాను. రాడ్లు అందించడానికి బండి డ్రైవరు నిలబడ్డాడు.

ఆ రోజంతా రాయే. ఒక రాడ్డు దిగింది, తెల్లపొడి. ఇంకో రాడ్డు, బూడిదరంగు పొడి. మళ్లీ తెల్లపొడి. సాయంత్రం అయ్యేసరికి చింతచెట్టు కింద నవ్వులు ఆగిపోయాయి. అందరూ లేచి నిలబడి గొట్టం మూతి వైపే చూస్తున్నారు. చివరి రాడ్డు దిగిపోయింది. తిరిగి చూశాను. అర ఖాళీ.

గాలి ఆపేశాను. కాగితం తీసి ‘రెండు వందల అడుగులు, ఫెయిల్’ అని రాసి సంతకం పెట్టాను. అవ్వ దగ్గరికి వచ్చింది.

“ఇంగొక్క రోంత పోకూడదా?”

“రూలు లేదవ్వా. రెండొందలే.”

“భూమికి తెలుసా మీ రూలు?”

రాడ్లు పైకి లాగి, బోరు మూతి మీద రాయి పెట్టి, తెల్లవారకముందే బండి కదిలించాం.

తర్వాత పోయిన రెండు ఊళ్లలో ఐదారు రాడ్లకే నీళ్లు పడ్డాయి. కొబ్బరికాయలు, హారతులు, మెడలో బంతిపూల దండలు. ఈ మధ్యలోనే హెల్పరన్న తిరిగి వచ్చాడు. వాళ్లమ్మకు నెమ్మదించిందట. పేట సంగతి అడిగితే “పడలేదన్నా” అన్నాను. ఆయన పెదవి చప్పరించి ఊరుకున్నాడు.

మేము పేట వదిలిన తొమ్మిదో రోజు డీజిలు తెచ్చే లారీ వచ్చింది. అందులోంచి హెల్పరన్న ఒక రాడ్డు దించుకున్నాడు. కొత్తగా మర కోసి, నూనె రాసి మెరుస్తోంది. దాన్ని అరలో పెడుతూ, “ఇప్పుడు పదీ అయినాయి” అన్నాడు.

నేను బీడీ ముట్టించుకుంటున్నాను. “పదెప్పుడూ ఉండేవే కదన్నా.”

“యాడుండాయి? ఒగ దానికి మర అరిగిపోయిందని షెడ్డుకు పంపితిని గదా. ఆ పేటలో బోరు మొదలుపెట్టిన పొద్దే నీకు సెప్పినానే! ‘తొమ్మిదే ఉండాయి, గ్యాపకం పెట్టుకో’ అంటిని. ఊ అంటివి.”

అగ్గిపుల్ల వేలు కాల్చేదాకా చేతిలోనే ఉండిపోయింది. అర ఖాళీ అయింది నిజమే. కానీ అది తొమ్మిది రాడ్ల అర. నూట ఎనభై అడుగుల దగ్గర ఆపి రెండొందలని రాశాను. మునసబు పంచె గాల్లో ఎగురుతుండగా ఒక రాడ్డు నా చెవి పక్కనుంచి వెళ్లిపోయింది.

“ఎంత పన్జేస్తివబ్బా” అన్నాడు హెల్పరన్న. తిట్టినా బాగుండేది. ఆయన బండి మెట్టు మీద కూర్చుని తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే ఇంజనీరుగారు జీపులో వచ్చారు. ఎదురుగా పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రాడ్డు షెడ్డుకు పోవడం, నేను ఊ అనడం, అర ఖాళీ అవడం. ఒక్క అక్షరం కలపలేదు. నా జన్మలో అంత పొడిగా ఏదీ చెప్పలేదు.

ఆయన పకపకా నవ్వారు. “ఇది మునసబు పంచె కన్నా బావుందోయ్! ఆ ఊళ్లో ఎవరైనా నిన్ను బతిమాలారా ఏంటి?”

“నిజం సార్. అన్నను అడగండి.”

“ఆయన నీ పక్కన నాలుగేళ్లుగా ఉంటున్నాడు. ఇంకా చెడిపోకుండా ఉంటాడా?” నవ్వు ఆపి గొంతు తగ్గించారు. “చూడవయ్యా. రెండొందలని రాసింది నువ్వు. కింద సంతకం పెట్టింది నేను. ముందు ఇంకా పదిహేడు ఊళ్లున్నాయి. ఒక్కో ఊరివాళ్లూ నా బల్ల ముందు కూర్చుని ఏడుస్తున్నారు. ఇరవై అడుగుల కోసం బండి వెనక్కి తిప్పితే వాళ్లకేం చెప్పను? అక్కడ నీళ్లుంటాయని నీకెవరు చెప్పారు?”

న్యాయంగానే మాట్లాడారు. అక్కడ నీళ్లున్నాయని నాకెవరూ చెప్పలేదు. కానీ ఆ అవ్వకు రావలసిన ఇరవై అడుగులు నా దగ్గర ఉండిపోయాయి, ఆ ఇరవై అడుగుల్లో ఏముందో చూసే హక్కు ఆమెది. ఇవన్నీ చెబుదామనుకున్నాను. నిజం చెప్పి అలవాటు లేనివాడికి నిజం వాదించడం రాదు. కాబట్టి నాకు వచ్చిన విద్యే వాడాను.

తల దించుకుని, “ఇంగొకటి కూడా ఉండాది సార్. సెప్పేదానికి భయపడినాను” అన్నాను.

“ఏంటది?”

“బిట్టు ఆ బోరులో జారిపోయింది.”

ఆ బిట్టు పరదేశం నుంచి తెప్పించింది. పోతే మళ్లీ రావడానికి నెలలు పడుతుంది. నిజానికి అది ఆ సమయానికి పది గజాల దూరంలో, సాన పట్టడానికి విప్పి గోనెపట్టా మీద పెట్టి ఉంది. హెల్పరన్న లేచి వెళ్లి దాని మీద కూర్చున్నాడు. దాని బొడిపెలు ఎంత పదునో తెలిసినవాణ్ణి కాబట్టి ఆయన త్యాగం నాకు అర్థమైంది.

“మరి ఇన్నాళ్లూ దేంతో వేశావు బోర్లు?”

“పాత బిట్టుతో సార్, అరిగిపోయింది పెట్టెలో ఉండాదే, దాంతో.”

“దొంగవెధవా! నీ మీద ఛార్జిమెమో రాయకపోతే చూడు! ఇప్పుడే బయలుదేరు. అది బయటికి తీసేదాకా నాకు మొహం చూపించకు!”

జీపు వెళ్లిపోయాక హెల్పరన్న మెల్లగా లేచి వెనక తడుముకున్నాడు. “ఒగ నిజానికి ఒగ అబద్ధం. ఈ పొద్దు లెక్క సరిపోయింది” అన్నాడు.

ఆ ఛార్జిమెమో నిజంగానే వచ్చింది. నిర్లక్ష్యంగా బిట్టు జారవిడిచినందుకు నా సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరాతో నమోదైంది. చెయ్యని తప్పు పుస్తకంలో ఉంది, చేసిన తప్పు ఎక్కడా లేదు. సర్కారు కాగితాలు చదివేటప్పుడు మీరు ఈ ముక్క మనసులో పెట్టుకోండి.

మరునాడు పొద్దున్నే పేట చేరాం. బండి చూసి ఎవరూ పరిగెత్తుకు రాలేదు. ఒకసారి ఆశపడి దిగాలు పడిన ఊరు రెండోసారి నిదానంగా వస్తుంది. అవ్వ గుడిసె ముందు ఒక కాలు చాపుకుని కూర్చుని ఉంది. చీలమండకు గుడ్డ కట్టు, గుడ్డ మీద పసుపు మరక.

“ఏమైందవ్వా?”

“ఏముండాది. ఆ బాయి మెట్ల మీద జారినాను. బిందె పోయింది, కాలు బెణికింది. ఐదు దినాలాయ. ఇప్పుడు మళ్లా అదే పోతా ఉండాది” అంటూ లోపలికి చూపించింది. గడప దగ్గర కోడలు ఒక చేత్తో ద్వారబంధం, ఇంకో చేత్తో నడుము పట్టుకుని నిలబడి ఉంది.

ఐదు రోజులు. నేను వేలు మడిచి లెక్క వేశాను. ఆ రోజు నా మెడలో బంతిపూల దండ ఉంది.

“నువ్వేం పని మీద వచ్చినావు?” అన్నది అవ్వ.

“ఇంగొక్క రాడ్డు వేస్తాం.”

“రూలు లేదంటివే?”

నేను బండి దగ్గరికి పోయాను. తొమ్మిది రాడ్లు పాత కన్నంలో సులువుగానే దిగాయి. హెల్పరన్న ఒక్కొక్కటీ గట్టిగా లెక్కపెట్టాడు, ఊరందరికీ వినపడేలా. పదోది బిగించాం. ఎవరో ఒకామె చింతచెట్టు కిందినుంచి అరిచింది: “ఏమప్పా, ఈ పొద్దు పంచె ఎగరదా?”

గాలి కొట్టాను. తెల్లపొడి. ఐదడుగులు. తెల్లపొడి. పది. రాయి సుత్తిని తిరగ్గొడుతోంది, బండంతా వణుకుతోంది. నాకు కొత్త భయం పట్టుకుంది. ఈ ఇరవై కూడా ఎండిపోయి ఉంటే? వీళ్లను రెండోసారి ఇదే చెట్టు కింద నిలబెట్టి ఏడిపించినట్టవుతుంది. రాకుండా ఉంటే నయమా? పదిహేను. పొడే. హెల్పరన్న నా వైపు చూడడం మానేశాడు.

పదిహేడు దాటాక పొడి ఆగిపోయింది. మీకు తెలియకపోవచ్చు, నీళ్లు తగిలే ముందు పొడి ఎక్కువ కాదు, ఆగిపోతుంది. తడిసి గొట్టం చుట్టూ పిండిముద్దలా పట్టుకుంటుంది. సుత్తి చప్పుడు గణగణ నుంచి దబదబకు మారింది. హెల్పరన్న “అబ్బా!” అన్నాడు. బోరు మూతిలోంచి ఒక బురదముద్ద ఎగిరి నా మొహం మీద పడింది. దాని వెనకే బురదనీళ్లు, వాటి వెనక నీళ్లు.

పెద్ద జల కాదు. మామిడితోటకు చాలదు. చేతిపంపుకు, నలభై ఇళ్లకు చాలుతుంది. అప్పుడు నిదానంగా వచ్చినవాళ్లందరూ పరిగెత్తారు. ఒకాయన కొబ్బరికాయ తెచ్చాడు. ఆడవాళ్లు నా కాళ్ల మీద పసుపునీళ్లు పోయబోయారు. “రూలు కాదని, మా కోసం మళ్లా వచ్చినాడు ఈ బిడ్డ” అని ఒకామె కళ్లు తుడుచుకుంది.

అక్కడే ఊరుకుని ఉంటే ఇప్పటికీ ఆ పేటలో నా గురించి మంచి కథ నడుస్తూ ఉండేది. నేను కథలవాణ్ణి, మంచి కథ ఎక్కడ ముగించాలో నాకు తెలుసు. కానీ అవ్వ కుంటుకుంటూ వచ్చి రెండు చేతులూ నా చెంపల మీద పెట్టింది. ఆ చేతుల కింద మొహం పెట్టుకుని ఉండలేకపోయాను.

“అవ్వా, నేను మీ మీద దయతో రాలేదు. ఆ పొద్దు ఒక రాడ్డు తక్కువ దింపినాను. అన్న సెప్తే వినలేదు, కతలు సెప్పుకుంటా ఉండాను. ఈ నీళ్లు నీకు పది దినాల ముందే రావల్సినవి. నీ కాలు బెణికింది నా వల్లే.”

ఆమె నవ్వింది. “ఇది కూడా కతేనా?”

“కాదవ్వా.”

ఆమె హెల్పరన్న వైపు చూసింది. ఆయన తల దించుకుని “నిజమేనమ్మా” అన్నాడు. ఆయన లెక్క మనిషని ఆమెకు ఎవరు చెప్పారో గానీ, ఆ మాట నమ్మింది. నా చెంపల మీదినుంచి చేతులు తీసేసింది. కొబ్బరికాయ తెచ్చినాయన దాన్ని పగలగొట్టాలో వద్దో తెలియక చంకలో పెట్టుకున్నాడు.

“పంపు ఎప్పుడు బిగిస్తారు?” అని అడిగింది చివరికి.

“గట్టు కట్టి, పంపు తెచ్చి... వారం పడతాదవ్వా.”

“అందాకా మాకు బాయే గదా?”

“బాయే.”

ఆమె ఇంట్లోకి పోయి ఖాళీ బిందె, గుడ్డచుట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. “నువ్వు ఎన్ని దినాలు లేకుండా పోతివి?”

“తొమ్మిది.”

“తొమ్మిది తూర్లు పో. దినానికొకటి. ఎవురితోనూ మోయించేది లేదు, సైకిలు మీద తెచ్చేది లేదు. నెత్తిన పెట్టుకుని రా.”

బిట్టు తీస్తుంటే నీళ్లు పడ్డాయని ఇంజనీరుగారికి కబురు పెడితే పంపు మంజూరు చేశారు. అప్పటికి మా కొత్త మకాం మూడు మైళ్ల దూరంలో పడింది. పొద్దున్నే సైకిలెక్కి పేటకు వచ్చి, సైకిలు వాళ్ల గోడకు ఆనించి, ఆడవాళ్ల వెనకే గుట్ట ఎక్కేవాణ్ణి. నెత్తిన బిందె పెట్టుకుని నడిచే మగవాణ్ణి ఆ దారి అంతకు ముందు చూసి ఉండదు. పశువులు కాసేవాళ్లు ఆగి చూసేవాళ్లు. నా ముందు నడిచే ఆడవాళ్లు వెనక్కి తిరగకుండానే ఎగతాళి చేసేవాళ్లు.

“మెడ బిగించద్దు డ్రిల్లరప్పా, మెడ వదిలి నడుముతో మొయ్యాల.”

“ఆయప్ప నడుము యాడుండాదో ఆయప్పకే తెలీదు మేయ్!”

మొదటి రోజు పేట చేరేసరికి బిందెలో సగం ఉంది, మిగతా సగం నా చొక్కాలో ఉంది. అవ్వ తొంగిచూసి, “సగం” అని మాత్రం అన్నది. రెండో రోజు కూడా సగమే. బావి మెట్లు పదహారు. అవ్వ జారిన మెట్టు ఏదో ఒకామె చూపించింది. పై నుంచి ఐదోది, అంచు విరిగి ఉంది, దాని మీద పాకుడు. నిండు బిందెతో దాని మీద కాలు పెట్టిన ప్రతిసారీ నా ఒళ్లు చెమట పట్టేది. ఇదే మెట్టు నిండు చూలాలు కూడా ఎక్కి దిగిందని గుర్తొచ్చేది. మూడో రోజు నుంచి నేను మాట్లాడడం తగ్గించాను. నెత్తిన నీళ్లుంటే మాటలు రావు, ఆడవాళ్లకు ఎలా వస్తాయో నాకు ఇప్పటికీ తెలియదు.

ఏడో రోజు నేను బిందెతో వచ్చేసరికి పేటలో పంపు బిగించి ఉంది. కోడలు దాని ముందు నిలబడి రెండు వేళ్లతో పంపు పిడిని ఊరికే అలా నొక్కి చూస్తోంది. నీళ్లు దూకుతున్నాయి. ఇక నా పని అయిపోయిందనుకుని బిందె దించి పెద్ద ఊపిరి వదిలాను.

అవ్వ ఆ పంపు గట్టు మీదే కూర్చుని ఉంది. “ఇంగ రెండుండాయి” అన్నది.

“పంపు వచ్చె గదవ్వా!”

“పంపు వచ్చింది మాకు. నీకు ఇంగ రెండుండాయి.”

కాబట్టి ఎనిమిదో రోజూ తొమ్మిదో రోజూ, నీళ్లు దూకుతున్న పంపు పక్కనుంచే నడిచి, గుట్ట దాటి, రెండు మైళ్లు పోయి బావి నీళ్లు తెచ్చాను. ఈసారి నాతో ఆడవాళ్లు ఎవరూ రాలేదు, వాళ్లకు ఆ దారితో పని తీరిపోయింది. ఒక్కణ్ణే. రెడ్డిగారు మామిడి మొక్కలకు నీళ్లు పెడుతూ, “ఏమప్పా, ఆడ నీళ్లు పడినాయంట గదా, మళ్లా యాల వచ్చినావు?” అని అడిగాడు. ఆయనకు ఏం చెప్పాలో తోచక, ఈ బావి నీళ్లు పప్పు ఉడకడానికి మంచివని చెప్పాను. నమ్మాడు.

తొమ్మిదో రోజు బిందె అంచు దాకా నీళ్లు తెచ్చాను. ఒక్క చుక్క తొణకలేదు. ఇది నేను కల్పించి చెప్పడం లేదు, చూసినవాళ్లు ఉన్నారు. అవ్వ లేచి, బిందెలోకి తొంగిచూసింది. తర్వాత కోడల్ని పిలిచి ఆ నీళ్లు కుండలోకి వంచుకోమన్నది. నా మెడ మీద చెయ్యేసి, నొప్పిగా ఉన్నచోట సరిగ్గా వేళ్లు దించి రెండుసార్లు నొక్కింది.

“ఆడవాళ్లందరికీ ఈడే నొస్తాది” అన్నది. “కూర్చో నాయనా. సంగటి తిని పో.”